వెచ్చగా ఉంచవలసిన రక్తం

నవంబరు 19

రేణుక పోయినసారి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్ళిన డైరీ ఇది. జనవరి నుంచీ ఖాళీగా పడి ఉంది. ఇక మీదట నా కాలి సంగతి ఇందులో రాసుకుంటాను. ఇంట్లో ఆయనకి, విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి రేణుకకి, మా ఇన్సూరెన్స్ ఆఫీసులో వాళ్ళకి, అందరికీ "తగ్గిపోయింది" అనే చెప్తున్నాను. ఎక్కడో ఒకచోట నిజం ఉండాలి కదా.

నిజమేమిటంటే ఎడమ చీలమండ పైన పుండు తగ్గలేదు. మొదట దోమలు కుట్టినట్టు ఎర్రటి చుక్కలు వచ్చాయి. అవి ఊదారంగుకి తిరిగాయి. ఒకచోట చర్మం విడింది. దసరాకి చింతగింజంత ఉండేది, ఇప్పుడు నిమ్మచెక్కంత అయింది. షుగరు లేదు, రెండుసార్లు చూశారు. నరాలు ఉబ్బాయేమోనని కూడా చూశారు, అదీ కాదు. పూసిన మందు పూసినట్టే ఉంటుంది, పుండు ఉన్నట్టే ఉంటుంది.

అయినా ఇవాళ కాస్త ఎండినట్టే ఉంది.

నవంబరు 20

ఎండుతోంది.

నవంబరు 24

పొద్దున ఈతకి వెళ్ళాను. ప్లాస్టిక్ కవరు చుట్టి పైన టేపు వేశాను, అంతే. నది మీద పొగమంచు, అవతల సీతానగరం కొండ సగమే కనిపిస్తోంది. నీళ్ళు చల్లగా, హాయిగా ఉన్నాయి. ఒడ్డుకొచ్చేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి కానీ అది చలికాలంలో ఎవరికైనా ఉండేదే.

నాకు ఈత నేర్పింది రాఘవమ్మ గారు. రైల్వే స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటినా నీళ్ళలోకి దిగితే ఆవిడ్ని పట్టుకోవడం కష్టం. మోకాళ్ళ నొప్పులకి ఈత మంచిదని ఎవరో చెబితే, నలభై ఆరో ఏట భయం భయంగా ఘాట్ మెట్ల మీద నిలబడ్డాను. ఆవిడే వచ్చి చెయ్యి పట్టుకుని లాగేశారు. ఇప్పుడు ఆ గంట లేకపోతే నాకు రోజు మొదలు కాదు.

"కనకం, జనవరి ఆఖర్లో నది దాటే ఈతకి నీ పేరు కూడా ఇచ్చేశా" అన్నారు ఇవాళ.

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు."

ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి! ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. కవరు విప్పి చూస్తే చుక్కలు పిక్క దాకా పాకాయి. టేపు ఒంటికి పడలేదేమో.

నవంబరు 30

ఉయ్యూరు నుంచి బావగారు, అక్క వచ్చారు. బావగారంటే మా ఆయన అన్నగారు రామకోటేశ్వరరావు గారు, చెరకు వేస్తారు. ఆయన మేడ మెట్ల దగ్గర ఉండగానే మూడో అంతస్తులో వాళ్ళకి కూడా వచ్చారని తెలుస్తుంది, గొంతు అలాంటిది. ఆయన భార్య, నా తోడికోడలు మాణిక్యమ్మ అక్క సీసాడు వేపనూనె తెచ్చింది, రెండు పూటలా రాయమంది.

పక్కింటావిడ పలకరించడానికి వస్తే బావగారు మొదలుపెట్టేశారు. "ఈ అమ్మాయి ఒంట్లో ఉన్నది నా రక్తమేనండీ. పురిట్లో చచ్చి బతికింది. మా తమ్ముడు గోడకానుకుని ఏడుస్తున్నాడు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎంత కావాలో లాక్కోండి అన్నాను."

రేణుక పుట్టినప్పటి సంగతి. ఏ పెళ్ళికెళ్ళినా ఈ కథ చెప్తారు, చెప్పిన ప్రతిసారీ సీసా కాస్త పెద్దదవుతుంది. నాకు విసుగు రాదు. ఆయన చెప్తున్నంతసేపూ ఆయన ముఖమే చూస్తుంటాను.

ఈసారి మనిషి కాస్త తగ్గినట్టు కనిపించారు. ఎండలో తిరుగుతారు మరి.

డిసెంబరు 8

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పేరు జయపాల్. మా రేణుక కంటే ఏ నాలుగేళ్ళో పెద్దేమో, అప్పుడే జుట్టు పలచబడింది. పుండు కంటే దాని చుట్టూ ఉన్న చుక్కల్నే ఎక్కువసేపు చూశారు. వేలితో నొక్కి చూశారు.

"ఇవి ఎప్పుడు ఎక్కువవుతాయమ్మా?"

"ఈతకొట్టి వచ్చాక."

"ఈతా? ఎక్కడ?"

"కృష్ణలో."

"డిసెంబర్లోనా?" అని మా ఆయన వంక చూశారు. నా కంటే నేరస్థుడు ఆయనే అన్నట్టు మా ఆయన తల దించుకున్నారు.

"ఆఫీసులో ఎక్కడ కూర్చుంటారు?"

"సరిగ్గా ఏసీ కింద. సాయంత్రానికి వేళ్ళు కొయ్యబారిపోతాయి. కీళ్ళు కూడా నొప్పులు."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు. రక్తంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయట, మామూలు మనుషుల్లో ఉండవు. చలి తగిలితే అవి పేరుకుంటాయి. సన్న రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి, రక్తం అందని చోట చర్మం చచ్చి పుండు పడుతుంది. "నెయ్యి ఉంది కదమ్మా, ఎండాకాలం పారుతుంది, చలికాలం పేరుకుంటుంది. అలాగన్నమాట" అన్నారు. దాని పేరు క్రయోగ్లోబ్యులిన్. మా ఆయన బయటికొచ్చాక మూడు రకాలుగా పలికారు, మూడూ తప్పే.

బెజవాడలో చలి జబ్బు! మే నెలలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఉండి నాకు చలి పడదట. ఆటోలో వస్తూ ఇద్దరం ఒకటే నవ్వు. రక్తం మాత్రం పరీక్షకి ఇచ్చి వచ్చాం.

డిసెంబరు 16

రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు! ఆ ప్రోటీన్లు లేవు!

నేను ముందే అనుకున్నాను.

డిసెంబరు 17

ఈత. అద్భుతంగా ఉంది.

డిసెంబరు 19

రెండు రోజులుగా ఇంట్లో మేజోళ్ళు వేసుకుని తిరుగుతున్నాను. చలిగా ఉందని చెప్పాను. ఇవాళ సోఫాలో కునుకు తీస్తుంటే ఆయన వచ్చి ఒకటి లాగేశారు. వేళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పాత పుండు పక్కనే కొత్తది విడింది.

మా ఆయన దుర్గాశంకర్ కోప్పడే మనిషి కాదు. ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపు నడుపుతూ కూడా గొంతు పెంచడం నేర్చుకోలేదు. నా పక్కన కింద కూర్చుని, పాదం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో కప్పారు.

"లక్ష్మీ, నాకు కూడా అబద్ధం చెప్తే ఇంకెవరికి నిజం చెప్తావ్?" అన్నారు. నా పేరులో ముందు సగం రాఘవమ్మ గారిది, వెనక సగం ఈయనది.

ఈ డైరీకి, అని చెప్పలేదు. దీనికి కూడా సగమే చెప్తున్నాను.

భయంగానే ఉంది. రాశాను, చాలు.

డిసెంబరు 20

డాక్టరు గారు రిపోర్టు చూసి నుదురు కొట్టుకున్నారు. "ఐసు డబ్బాలో పెట్టి హైదరాబాదు పంపించారమ్మా! దారిలోనే చల్లబడి, ఆ ప్రోటీన్లన్నీ పేరుకుని గడ్డతోపాటు అడుక్కి పోయాయి. పైనున్న తేటలో వెతికితే ఏం దొరుకుతుంది? తీసిన దగ్గర్నుంచీ గడ్డ వేరుచేసేదాకా ఒంటి వేడిలోనే ఉంచాలి. ఈసారి నేనే తీస్తాను. వేడి తగ్గకుండా గడ్డ వేరుచేసే మిషను పటమట ల్యాబులో ఉంది. తీసుకెళ్ళే పూచీ మీది."

డిసెంబరు 22

ఇవాళ్టి సంగతి వివరంగా రాయాలి.

డాక్టరు గారు వేడిచేసి ఉంచిన గొట్టాల్లో రక్తం తీశారు. మూతలు బిగించి, ఒంటి వేడికి సరిపడా నీళ్ళు పోసిన మా కాఫీ ఫ్లాస్కులో దించారు. నేను స్కూటర్ వెనక కూర్చుని ఫ్లాస్కుని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన ఎంత నిదానంగా నడిపారంటే సైకిలు మీద వెళ్ళే పాలతను మమ్మల్ని దాటి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. కదలదు. నేను శాలువా మీద చేతులు వేసి, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. మా ఆయన, పుట్టి బుద్ధెరిగాక సిగ్నల్ దాటని మనిషి, స్కూటర్ని మెల్లిగా రాంగ్ రూట్లోకి తిప్పారు. కానిస్టేబుల్ వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటి సార్, పెద్దవాళ్ళు మీరే ఇలా వస్తే ఎలాగండీ?"

"రక్తం బాబూ, చల్లారిపోతుంది" అన్నారు ఈయన.

"ఎక్కడ రక్తం?"

"ఫ్లాస్కులో."

కానిస్టేబుల్ ఫ్లాస్కుని చూశాడు, నన్ను చూశాడు.

"ఎవరిదండీ?"

"నాదేనండీ" అన్నాను.

అతను అడ్డం పెట్టిన చెయ్యి దించేశాడు. విజిలేసి ఆటోలన్నిటినీ ఆపి మాకు దారిచ్చాడు. పటమట చేరేదాకా ఈయన వీపు నవ్వుతో ఊగుతూనే ఉంది. "నవ్వకండి, ఫ్లాస్కు కదుల్తుంది" అని నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ కాపురంలో మేం కలిసి చేసిన మొదటి నేరం ఇది.

డిసెంబరు 29

గడ్డ తీసేసిన తేటని ఇన్నాళ్ళూ ఫ్రిజ్‌లో ఉంచి ఇవాళ పిలిచారు. గొట్టం అడుగున తెల్లగా, మీగడ తరకలా పేరుకుని ఉంది.

"పట్టుకోండమ్మా. పిడికిట్లో ఉంచుకోండి" అన్నారు డాక్టరు గారు.

పట్టుకున్నాను. కాసేపటికి తెరిచి చూస్తే అడుగున ఏమీ లేదు. తేట తేటలాగే ఉంది. నా అరచేతి వేడికి కరిగిపోయింది. భయపడవలసిన సమయం, కానీ నాకు ముచ్చటేసింది. నన్నింత బాధపెట్టినది గుప్పెడు వెచ్చదనానికి లొంగిపోయింది.

"ఇది ఊరికే రాదు. వెనక ఇంకేదో ఉండి దీన్ని పుట్టిస్తుంది. అదేంటో చూద్దాం" అంటూ ఇంకోసారి రక్తం తీశారు.

ఈత మానేశాను. రాఘవమ్మ గారికి జలుబని చెప్పాను.

జనవరి 5

హెపటైటిస్ సి. కామెర్ల జాతి వైరస్. లివర్లో ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉంటుందట. ఆ ప్రోటీన్లు దాని పుణ్యమే.

"మూడు నెలలు మాత్రలు వేసుకుంటే చాలామందికి పూర్తిగా పోతుంది. అది పోతే ఇదీ పోవాలి, పుండు మానాలి" అన్నారు డాక్టరు గారు. నేను లేచి ఆయనకి దండం పెట్టబోయాను. ఆయన ఆపి, ఒక మాట అడిగారు.

"మీకెప్పుడైనా రక్తం ఎక్కించారా?"

మా ఆయన, నేను ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం.

జనవరి 7

ఆ రోజు ఎక్కించింది రెండు సీసాలు. ఒకటి బావగారిది. రెండోది ఎవరిదో తెలియదు. అప్పట్లో రక్తానికి ఈ పరీక్ష లేదట. ఏ సీసాలోంచి వచ్చిందో, అసలు సీసాలోంచే వచ్చిందో లేదో ఇప్పుడు చెప్పలేమన్నారు. అయితే బావగారు పరీక్ష చేయించుకోవడం మంచిదని మరీ మరీ చెప్పారు. ఉంటే లివరు లోపల్లోపలే గట్టిపడిపోతుందట.

మా ఆయనకీ రేణుకకీ కూడా పరీక్ష చేయించాం. ఇద్దరికీ లేదు. అమ్మయ్య.

బావగారికి ఆదివారం చెప్తాను.

జనవరి 14

ఫోన్లో చెప్పే మాట కాదు. వచ్చినప్పుడు చెప్తాను.

జనవరి 20

మాత్రలు మొదలుపెట్టాను. పుండుకి కట్టు రోజు విడిచి రోజు. ఆఫీసులో నా సీటు కిటికీ పక్కకి మార్చారు. మధ్యాహ్నం ఎండ పడుతుంది, మిగతావాళ్ళు జాలిపడతారు, నేను పిల్లిలా కూర్చుంటాను.

బావగారికి ఈ ఆదివారం చెప్తాను.

జనవరి 28

రాఘవమ్మ గారు నది దాటారు. నేను స్వెట్టరు, మంకీ క్యాపు పెట్టుకుని అవతలి ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరిచాను. ఆవిడ నీళ్ళు కార్చుకుంటూ వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసి, "జలుబు ఇంత గట్టిదా?" అన్నారు. అప్పుడు అంతా చెప్పేశాను. బావగారి సంగతి కూడా.

"ఆయనకెప్పుడు చెప్తావ్?"

"ఎలా చెప్పనండీ? ఆయన జీవితంలో చేసిన గొప్ప పని అదే అనుకుంటారు."

"మనిషుంటేనే కదా కనకం, గొప్పలు చెప్పుకునేది" అన్నారు ఆవిడ, జుట్టు పిండుకుంటూ.

ఫిబ్రవరి 9

అక్క ఫోన్. "మీ బావ అన్నం సరిగ్గా తినట్లేదే. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ఎండకనుకుంటా."

ఇంకో ఆదివారం దాకా ఆగను.

ఫిబ్రవరి 10, శనివారం

పొద్దున్నే ఇద్దరం అద్దె కారులో ఉయ్యూరు వెళ్ళాం. చక్కెర ఫ్యాక్టరీ ఆడుతోంది, రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లు, ఊరంతా బెల్లపు పాకం వాసన. బావగారు ఎదురొచ్చి చెరకు రసం తెప్పించారు. నాకు ఐసు లేకుండా అంటే, "రసానికి ఐసు లేకపోతే రుచేముందమ్మాయ్!" అని గోల. సరే, ఇదే సందు అనుకుని మొదలుపెట్టాను. చలి పడకపోవడం, పుండు, ఫ్లాస్కు, వైరస్. రెండో సీసా సంగతి కూడా చెప్పాను. మా ఆయన గ్లాసు పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నారు.

బావగారు తన గ్లాసు కింద పెట్టేశారు.

"అమ్మాయ్, నేను నీకు ప్రాణం పోశానని ఊరంతా చెప్పుకుంటున్నా. పోసింది రోగమా?" అన్నారు. గొంతు ఆయనది కాదు.

"అదేం మాట బావగారూ? ఆ రోజు మీరు చెయ్యి చాపకపోతే ఈ రోగం రావడానికి నేనెక్కడుంటాను? ఇన్నేళ్ళు బతికాను. రేణుకని పెంచాను. ఈత కూడా నేర్చుకున్నాను. మీరిచ్చిన దాంట్లో ఏదో నలక ఉంటే ఉండొచ్చు, అది మాత్రలతో పోతుంది. మిగతాది నేను తిరిగివ్వను."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్నారు. అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. ఎందుకొచ్చానా అనుకున్నాను. అంతా పాడుచేశాననుకున్నాను.

తలుపు తెరుచుకుంది. బావగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, పెళ్ళికి బయల్దేరినట్టు నిలబడ్డారు.

"లేవరేం? పదండి. ఆ డాక్టరు మధ్యాహ్నం దాకా ఉంటాడా, ఉండడా?"

కారులో ముందు సీట్లో కూర్చున్నారు. కంకిపాడు వచ్చేసరికి డ్రైవరుకి కథ చెప్పడం మొదలుపెట్టేశారు.

ఫిబ్రవరి 17

ఉంది. బావగారికీ ఉంది. చిన్నప్పుడు ఊళ్ళో జ్వరమొస్తే ఒకే సూది మరిగించి అందరికీ పొడిచేవారట, అక్కడొచ్చి ఉండొచ్చన్నారు.

లివరు డాక్టరు గారు స్కాన్ చూపించారు. గట్టిపడడం బాగానే మొదలైందట, కానీ చెయ్యి దాటలేదు. "ఇంకో రెండు మూడేళ్ళు ఆలస్యమై ఉంటే" అని ఆపేశారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

బావగారు మాత్రం మెట్లు దిగుతూ, "చూశావా! ఆ రెండో సీసావాడిది కాదు, నాదే!" అన్నారు.

"డాక్టరు గారు అలా అనలేదండీ."

"ఆయనేం చెప్తాడు, నాకు తెలుసు" అన్నారు. ఇంకొకడితో పంచుకోవడం ఆయనకిష్టం లేదు.

మార్చి 3

పొద్దున ఎనిమిదయ్యేసరికి ఫోన్. "వేసుకున్నావా?" "వేసుకున్నానండి. మీరు?" "చేతిలో ఉంది." "మింగండి, నేను లైన్లో ఉంటాను." గుటక వినిపిస్తుంది. పెట్టేస్తారు.

చుక్కలు రావడం ఆగిపోయింది. నిజంగా. అబద్ధమైతే రాయను.

మార్చి 22

పుండు అంచుల నుంచి గులాబీ రంగు చర్మం లోపలికి జరుగుతోంది. జయపాల్ గారు ఫోటో తీసుకుని, పాత ఫోటో పక్కన పెట్టి చూపించారు. ఆయనే ఎక్కువ సంతోషపడ్డారు. మా ఆయన ఇప్పుడు "క్రయోగ్లోబ్యులిన్" అని తడబడకుండా పలుకుతున్నారు, షాపుకొచ్చే మెకానిక్కులందరికీ వివరిస్తున్నారట.

ఏప్రిల్ 15

నా మాత్రలు అయిపోయాయి. వైరస్ కనపడలేదు. జులైలో ఇంకోసారి చూసి, అప్పుడు కూడా లేకపోతే పోయినట్టే అన్నారు.

ఊరంతా చెమటలు కక్కుతోంది, నేను మేజోళ్ళలో ఉన్నాను. లిఫ్టులో ఒక చిన్నపిల్ల నా కాళ్ళు చూసి వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పింది. నాకూ నవ్వొచ్చింది.

నాకు అయిపోయినా బావగారి ఫోన్ ఆగలేదు. "నువ్వు లైన్లో ఉంటే గొంతు దిగుతుంది" అన్నారు.

మే 6

కట్టు విప్పేశారు. చర్మం మూసుకుంది. గోధుమరంగు మచ్చ మిగిలింది, అది ఉండిపోతుందట. ఉండనీ.

మే 19

బావగారి మాత్రలు కూడా అయిపోయాయి. ఆయన రక్తంలోనూ కనపడలేదు. పాదాల వాపు తీసింది. అన్నం బాగానే తింటున్నారట, వద్దన్నా రెండోసారి పులుసు పోసుకుంటున్నారని అక్క ఫిర్యాదు. ఫిర్యాదు చేస్తూ నవ్వింది.

మే 26

ఎండ ఎక్కాక, నీళ్ళు వెచ్చబడ్డాక అయితే దిగవచ్చని జయపాల్ గారు ఒప్పుకున్నారు. ఆదివారం కదా అని మా ఆయన కూడా వచ్చారు. మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు.

నది గోరువెచ్చగా ఉంది. అయిదు నెలల తర్వాత మొదటిసారి తల ముంచాను. చేతులు బారలు మర్చిపోతాయేమో అనుకున్నాను, మర్చిపోలేదు. దుర్గ గుడి గంట వినిపించింది, మునిగాక వినిపించలేదు, తేలాక మళ్ళీ వినిపించింది. ఊపిరి అందక కాసేపు వెల్లకిలా పడుకున్నాను. పైన తెల్లటి ఆకాశం, ఒక్క మబ్బు లేదు.

పక్కన రాఘవమ్మ గారు నీళ్ళు చిమ్ముతూ అడిగారు, "కాలెలా ఉంది కనకం?"

"ఏ కాలండీ?" అన్నాను.

నిజంగానే, ఆ క్షణానికి గుర్తు రాలేదు.